పాత ఎలక్ట్రిక్ గిటార్: పికప్‌ల సంగతి ఆఖరికి చూద్దాం

పాలమూరు, నల్లగొండ దిక్కు పాత ఎలక్ట్రిక్ గిటార్ ఎక్కువగా రెండు చోట్ల దొరుకుతది: చర్చి స్టోర్ రూంలో, లేకుంటే ఆర్కెస్ట్రా మానేసినోళ్ల ఇంట్లో అటక మీద. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ఆకారం, ప్లైవుడ్ బాడీ, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్టలు, సింగిల్ అంటే ఒక్కో చుట్టవి), నల్లబడ్డ తీగలు, తిప్పితే కరకరమనే వాల్యూమ్ నాబ్. దాన్ని చేతికి తీసుకున్నోళ్లు మొదలు అడిగేది "ఏ పికప్‌లు వేస్తే మంచిగుంటది?" అని.

పికప్‌లు ఆఖరికి. ముందు నెక్ (గిటార్ మెడ), తర్వాత ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు), నట్ (తలకాయ దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం), ఆ తర్వాత వైరింగ్. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చెయ్యాల్సి వస్తది. ఫ్రెట్లు అరగదీయకముందే నట్ గాడి కోస్తే, ఫ్రెట్లు దిగినంక ఆ గాడి ఎత్తయిపోతది. నెక్ వంకరున్న గిటార్‌కు పదివేల పికప్ వేస్తే తీగ ఫ్రెట్‌కు కొట్టుకునే చప్పుడు ఇంకా స్పష్టంగా వినపడతది, అంతే.

నెక్ పనికొస్తదా లేదా

తీగలు లేని నెక్‌ను చూసి ఏదీ తేల్చొద్దు. కొత్త తీగలు వేసి, ట్యూన్ చేసి, అప్పుడు చూడాలె. 25.5 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడుగు) గిటార్ మీద మామూలు ట్యూనింగ్‌లో 10–46 సెట్టు (సన్న తీగ 10, లావు తీగ 46, అంగుళంలో వెయ్యో వంతుల మందం) మొత్తం 47 కిలోల దాకా గుంజుతది. 09–42 అయితే 38, 39 కిలోలు. ఆ ఎనిమిది కిలోల తేడా నెక్‌నూ కదిలిస్తది, ట్రెమొలో (కడ్డీతో సుతి వణికించే బ్రిడ్జ్) స్ప్రింగులనూ కదిలిస్తది. అందుకే ఏ తీగలు వాడతరో ముందే ఖాయం చేసుకోవాలె. మధ్యలో మారిస్తే కొలతలన్నీ మొదటికొస్తయి.

గిటార్ తలకాయ దిక్కు నుంచి ఒక కన్ను మూసి బాడీ దిక్కు చూస్తే నెక్ రెండంచులూ కనపడతయి. ఒక అంచు నిటారుగా, రెండోది వంగి ఉంటే అది మెలిక. ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఉక్కు కడ్డీ) వంపునే తీస్తది, మెలికను తియ్యదు. కొద్దిపాటి మెలిక అయితే ఫ్రెట్లు అరగదీసేటప్పుడు సర్దుకుంటది. కంటికి కొట్టొచ్చినట్టుంటే ఆ నెక్ మీద పైసా పెట్టొద్దు.

వంపు కొలిచే పద్ధతి ఇది. 1వ ఫ్రెట్ మీద కాపో (తీగలు నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, లావు ఇ తీగను నెక్ బాడీలో కలిసే చోట, 17వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. అప్పుడు ఆ తీగే స్కేలు. 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగ అడుగుకు, ఫ్రెట్ తలకు నడుమ సందు 0.20 నుంచి 0.25 మి.మీ. ఉండాలె. దీన్ని కొలిచే ఫీలర్ గేజ్ కోసం హైదరాబాద్ బస్సెక్కాల్సిన పని లేదు. బైకు మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేసేది దాంతోనే, ఆటో స్పేర్ల దుకాణంలో అడిగితే ఇస్తరు. 0.20 రేకు తీగను కదిలించకుండ దూరాలె, 0.30 రేకు పెడితే తీగ లేవాలె.

సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్ నట్టును కుడికి, తక్కువుంటే ఎడమకు తిప్పాలె. ఒకసారికి పావు తిప్పు మించొద్దు. తిప్పినంక మళ్లీ ట్యూన్ చేసి, పది నిమిషాలు ఆగి కొలవండి, చెక్క మెల్లగా కదులుతది. ఆలెన్ కీ విషయంలో జాగ్రత్త. అమెరికన్ ఫెండర్లకు ఎక్కువగా 1/8 అంగుళం, ఆసియాలో చేసినవాటికి ఎక్కువగా 4 లేదా 5 మి.మీ. పడతది. 1/8 అంటే 3.18 మి.మీ. దాంట్లో సైకిల్ కిట్‌లోని 3 మి.మీ. కీ పెట్టి బలం చేస్తే లోపలి మూలలు అరిగి గుండ్రమైతయి, ఆ తర్వాత ఏ కీ పట్టదు. ఏళ్లుగా కదలని నట్టును బిగించడంతో మొదలుపెట్టొద్దు. ముందు ఎడమకు పావు తిప్పు వదిలి, టూత్‌పిక్ మొనతో ఒక్క చుక్క మిషన్ ఆయిల్ దారాలకు అంటించి, అప్పుడు బిగించాలె.

ఎటు తిప్పినా బిగువు తగలకుండ తిరుగుతుంటే రాడ్ తెగిందనో, దారం పోయిందనో లెక్క. దాన్ని బాగుచేయించే ఖర్చు గిటార్ ధర దాటుతది. బోల్టులతో బిగించిన నెక్ అయితే మార్చొచ్చు, కాని కొన్న తర్వాత కాదు, కొనకముందే కొలవండి. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కు 324 మి.మీ., బాడీలో నెక్ కూర్చునే గుంత వెడల్పు 56 మి.మీ. ఉంటే స్ట్రాట్ నెక్ సరిపోతది. 324 బదులు 314 వస్తే అది గిబ్సన్ తరహా పొట్టి స్కేల్, దానికి స్ట్రాట్ నెక్ పెడితే ఏ తీగా సుతి కలవదు.

ఇగ కాలం సంగతి. మన దగ్గర ఏప్రిల్, మేలో ఎండ 43, 44 డిగ్రీలు దాటుతది, మధ్యాహ్నం గాలిలో తేమ ఉండదు. జూన్ దాటితే అదే చెక్క తేమ తాగుతది. సాధారణంగా ఎండకాలం ఆ సందు తగ్గుతది, వానకాలం పెరుగుతది. చెక్కను బట్టి ఉల్టా కూడా కావొచ్చు, కాబట్టి అంచనా వేయకుండ కొలవాలె. శివరాత్రి దాటినంక ఒకసారి, మృగశిర వానలు కుదురుకున్నంక ఒకసారి ట్రస్ రాడ్ చూసుకుంటే చాలు. ఎయిర్ కూలర్ ఎదురుగా మాత్రం గిటార్ పెట్టొద్దు. కూలర్ నడిచినంత సేపు తడి గాలి, కరెంటు పోయినంక పొడి వేడి, నెక్ రోజుకు రెండుసార్లు ఊగుతది.

ఫ్రెట్లు

ఎండకు ఫింగర్‌బోర్డు చెక్క అడ్డంగా కుదించుకుంటది, ఫ్రెట్ లోహం కుదించుకోదు. అందుకే మే నెలలో నెక్ అంచు వెంట బొటనవేలు జారిస్తే ప్రతి ఫ్రెట్ కొనా గీరుతది. ఈ కొనలను అరగదీయాల్సింది ఎండకాలంలోనే. వానకాలంలో చెక్క ఉబ్బి ఉన్నప్పుడు నున్నగా చేస్తే, మళ్లీ ఎండలొచ్చేసరికి మళ్లీ పొడుచుకొస్తయి. కంసాలి సామాన్లు అమ్మే దుకాణంలో సన్నటి ఆకురాళ్ల సెట్టు దొరుకుతది. చెక్క అంచుకు మాస్కింగ్ టేప్ వేసి, ఆకురాయిని 35 డిగ్రీలు వాల్చి, ఫ్రెట్ తల నుంచి చెక్క వైపు మాత్రమే రుద్దాలె. కింది నుంచి పైకి రుద్దితే ఫ్రెట్ కొన లేస్తది.

ఫ్రెట్ల ఎత్తు తేడా చూడటానికి గట్టి స్టీలు స్కేలు ముక్క చాలు. పక్కపక్కన మూడు ఫ్రెట్ల మీద ఆనిచ్చి ఊపితే, నడుమది ఎత్తుంటే అటూ ఇటూ టక్కుటక్కుమంటది. అట్ల దొరికిన ఎత్తు ఫ్రెట్‌ను వెంటనే అరగదీయొద్దు. పాత గిటార్లలో చాలాసార్లు అది ఎత్తున్న ఫ్రెట్ కాదు, గాడిలోంచి లేచిన ఫ్రెట్. వేలితో నొక్కితే దిగి మళ్లీ లేస్తదా చూడండి. లేస్తుంటే అంచు నుంచి పలుచటి సూపర్ గ్లూ ఒక చుక్క పారించి, చెక్క ముక్క అడ్డం పెట్టి క్లాంపుతో పది నిమిషాలు బిగించాలె. పారిన గ్లూ ఫింగర్‌బోర్డు మీద తెల్లటి మరక చేస్తది కాబట్టి ఫ్రెట్‌కు రెండు పక్కలా టేప్ తప్పదు.

గ్లూతో కుదరనంత హెచ్చుతగ్గులుంటే అన్నీ కలిపి చదును చెయ్యాలె. దీనికి అడుగు నిజంగా చదునున్న పట్టీ కావాలె. కిటికీలకు వాడే అల్యూమినియం సెక్షన్ చూడటానికి నిటారుగానే ఉంటది, అద్దం మీద పెట్టి వెనక లైటు వేస్తే వంపు బయటపడతది. అంతకంటే అద్దాల దుకాణంలో 12 మి.మీ. గ్లాసును 40 సెం.మీ. పొడుగు, 5 సెం.మీ. వెడల్పు కోయించి అంచులు రుద్దించుకోవడం నయం. దానికి డబుల్ సైడ్ టేప్‌తో 400 నంబర్ ఎమరీ పేపర్ అంటించాలె. తీగలు తీసేసి, ట్రస్ రాడ్‌తో నెక్‌ను పూర్తిగా నిటారు చేసి, అన్ని ఫ్రెట్ల తలల మీద మార్కర్‌తో నలుపు పూసి, బరువు పెట్టకుండ పొడుగునా తోయాలె. ప్రతి ఫ్రెట్ మీదా నలుపు పోయిన క్షణం ఆపాలె. ఇంకో రెండు తోపులు అని ఆశపడితే పోయేది ఫ్రెట్ ఆయుష్షే. ఫ్రెట్ ఎత్తు 0.7 మి.మీ. కంటే తక్కువ మిగిలితే చదును చేసి లాభం లేదు, కొత్త ఫ్రెట్లు వేయించాల్సిందే.

చదునైన తలను మళ్లీ గుండ్రంగా తీర్చాలె. లేకుంటే తీగ ఫ్రెట్ నడిమిలో కాక బ్రిడ్జ్ దిక్కు అంచు మీద ఆగి సుతి తప్పుతది. మూడు మూలల ఆకురాయి అంచులను గ్రైండర్‌తో నున్నగా చేస్తే అదే చాలు, ప్రత్యేకంగా కొనక్కర్లేదు. తర్వాత 600, 1000, 1500, 2000 వాటర్ పేపర్లు వరుసగా, ఆఖరికి బ్రాసో. ఈ మొత్తం పనిలో పికప్‌లను టేప్‌తో పూర్తిగా కప్పాలె. స్టీల్ ఊల్ వాడితే మరీ ముఖ్యం, దాని పొడి అయస్కాంతానికి అంటుకుంటే దులిపినా పోదు.

నట్: అసలు బీమారి ఎక్కువగా ఇక్కడే

"ట్యూనింగ్ నిలవడం లేదు, కీలు మార్చాలె" అనేవాళ్లలో ఎక్కువమందికి మార్చాల్సింది కీలు (తలకాయ మీది ట్యూనర్లు) కాదు, నట్. ట్యూన్ చేసేటప్పుడు "టిక్" మని చప్పుడు వచ్చి సుతి ఒక్కసారి గెంతితే, తీగ నట్ గాడిలో ఇరుక్కుంటున్నదని అర్థం. జి తీగ దగ్గర ఇది ఎక్కువ. మెత్తటి పెన్సిల్ ములుకు పొడి గాడిలో రుద్ది చూడండి. చప్పుడు పోతే కీలు మంచిగున్నట్టే.

పాత చవక గిటార్లలో నట్ లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్. ఎముక నట్ వందల్లో వస్తది, గిటార్ మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత తేడా చూపేది ఇంకోటి లేదు. వెడల్పు 42 మి.మీ.నా 43నా, మందం ఎంత, అడుగు చదునా వంపా అని చూసి తెప్పించుకోవాలె. పాతదాన్ని ఊడగొట్టేముందు దాని చుట్టూ లక్కర్‌ను బ్లేడుతో గీయాలె, లేకుంటే నట్‌తో పాటు తలకాయ రంగు పెచ్చు లేస్తది.

గాడి కొయ్యడానికి అసలు నట్ ఆకురాళ్లు ఖరీదు. గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గరుకు తీగల కట్ట వెల్డింగ్ సామాన్ల దుకాణంలో చవకగా దొరుకుతది, రకరకాల మందాల్లో ఉంటది. లావు ఇ 1.17 మి.మీ. అయితే దానికంటే పిసరంత లావుది తీసుకోవాలె. గాడి తలకాయ దిక్కు కొద్దిగా వాలుతూ ఉండాలె, తీగ ఆనాల్సింది ఫింగర్‌బోర్డు దిక్కు అంచు మీద. వాలు ఉల్టా అయితే ఖాళీ తీగ సితార్ లాగ జుయ్యిమంటది. లోతు ఎంతనో చూడటానికి తీగను 3వ ఫ్రెట్ మీద నొక్కి, 1వ ఫ్రెట్ మీద సందు చూడండి. 0.05 నుంచి 0.10 మి.మీ., అంటే వెలుతురు గీత కనపడాలె, వేలితో తడితే తీగ సన్నగా "టిక్" మనాలె. ప్రతి రెండు మూడు గీతలకూ తీగ పెట్టి చూడటం విసుగే, కాని ఒక్క గీత ఎక్కువైతే ఖాళీ తీగ 1వ ఫ్రెట్‌కు కొడతది. అట్ల లోతైన గాడిలో వంట సోడా నింపి ఫెవిక్విక్ చుక్క వేస్తే వెంటనే రాయిలాగ గట్టిపడతది, మళ్లీ కోసుకోవచ్చు. ఎముకంత కాలం రాదు, కాని పని నడుస్తది. ముక్కు దగ్గర పెట్టి చెయ్యొద్దు, ఆ పొగ ఘాటు.

బ్రిడ్జ్, కీలు

12వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు సన్న ఇ దగ్గర 1.6, లావు ఇ దగ్గర 2.0 మి.మీ.తో మొదలుపెట్టండి. శాడిళ్లు (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్కలు) పూర్తిగా కిందికి దించినా తీగలు ఎత్తుగానే ఉంటే నెక్ వాలు మార్చాలె. నెక్ గుంతలో బాడీ దిక్కు చివర పలుచటి ముక్క పెడితే నెక్ వెనక్కి వాలుతది. ఇక్కడ లెక్క చిన్నది కాదు. గుంత పొడుగు 76 మి.మీ., గుంతలో తలకాయ దిక్కు అంచు నుంచి శాడిల్ దాకా సుమారు 257 మి.మీ. అందుకే 0.5 మి.మీ. ముక్క పెడితే శాడిల్ సుమారు 1.7 మి.మీ. పైకి లేపుకోవాల్సి వస్తది. విజిటింగ్ కార్డు మందంతో మొదలుపెట్టడం మంచిది. సన్‌మైకా ముక్క మందం ఎక్కువ, చాలాసార్లు అతి అయితది. నెక్ స్క్రూలు పట్టు తప్పితే టేకు చీలికను ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దిగగొట్టి, ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ బిగించాలె. అగ్గిపుల్ల మెత్తన, ఆ పని మీద నిలవదు.

ట్రెమొలో బ్రిడ్జ్ మార్చేటట్టయితే మూడు కొలతలు కావాలె: మొదటి తీగ నుంచి ఆరో తీగకు దూరం 52.5నా 56నా, బిగించే స్క్రూలు ఆరా రెండా, బాడీ మందం ఎంత. 40 మి.మీ. బాడీలో 42 మి.మీ. లోతు బ్లాక్ (బ్రిడ్జ్ కింద బాడీలోకి దిగే లోహపు దిమ్మ) వెనక నుంచి పొడుచుకొస్తది, వెనక ప్లేటు మూతపడదు. పాత బ్రిడ్జ్ ప్లేటు బాగుండి, కింది బ్లాక్ పలుచటి జింక్ పోత అయితే ఆ బ్లాక్ ఒక్కటి మార్చినా చాలు. మిర్యాలగూడలో రైసుమిల్లుల పుణ్యాన లేతు పనివాళ్లకు కొదవ లేదు. పాత బ్లాక్‌ను నమూనాగా ఇచ్చి ఇత్తడిలో చేయించొచ్చు. తీగ గుండ్లు ఆగే రంధ్రాలు, ట్రెమొలో కడ్డీ దారం, ఈ రెండూ పాతదాంట్లో ఉన్నట్టే రావాలని ముందే గట్టిగా చెప్పాలె. కడ్డీ వాడనోళ్లయితే ఇదంతా ఎందుకు, బ్లాక్‌కు బాడీకి నడుమ టేకు ముక్క దిగగొట్టి కదలకుండ చేస్తే సుతి నిలుస్తది.

కీలు మార్చాలంటే తలకాయ రంధ్రం 8.5 మి.మీ. వరుసలోదా 10 మి.మీ.దా చూడాలె. పెద్దది చేయొచ్చు, కాని నేరుగా డ్రిల్ పెడితే లక్కర్ పగులుతది. ముందు డ్రిల్‌ను ఉల్టా తిప్పి లక్కర్ పొర కోసి, అప్పుడు ముందుకు తిప్పాలె.

ఆఖరికి ఇంటొనేషన్. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండ తాకి మీటిన) సుతి, నొక్కిన సుతి ఒకటే రావాలె. నొక్కింది ఎక్కువ పలికితే శాడిల్ వెనక్కి, తక్కువ పలికితే ముందుకు. ఇది కొత్త తీగల మీదే చెయ్యాలె, తుప్పు తీగ ఎన్నడూ కలవదు.

వైరింగ్

ముందు డబ్బు ఖర్చు కాని పని. నాబ్ కింద కరకరమనే కంట్రోల్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆ కొస నుంచి ఈ కొసకు పాతిక సార్లు తిప్పండి. రెండు వారాల్లో మళ్లీ కరకర మొదలైతే లోపలి కార్బన్ ట్రాక్ అరిగింది, మార్చాలె. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) ఊగుతుంటే నట్టు బిగించి వదిలేయొద్దు. బిగించేటప్పుడు లోపల జాక్ తిరిగి వైరు తెగుతది. వెనక నుంచి పట్టుకొని, పళ్లున్న వాషర్ వేసి బిగించాలె.

కంట్రోల్ విలువ: సింగిల్ కాయిల్‌కు 250 కె (కిలోఓంలు), హంబకర్‌కు (రెండు చుట్టల పికప్‌కు) 500 కె. విలువ తగ్గిన కొద్దీ ట్రెబుల్ భూమిలోకి పోతది, అందుకే పదునైన సింగిల్ కాయిల్‌కు 250, మెత్తటి హంబకర్‌కు 500. వాల్యూమ్‌కు ఎ రకం తీసుకోండి. బి రకం వేస్తే నాబ్ మొదటి మూడు అంకెల్లోనే సౌండ్ అంతా వచ్చేసి, మిగతాదంతా ఊరికే తిరిగినట్టుంటది. మీద 500 అని రాసి ఉన్నా మల్టీమీటర్‌తో కొలిస్తే 400 నుంచి 600 దాకా ఏదైనా రావొచ్చు. టోన్ కెపాసిటర్ 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్ పాలిస్టర్ చాలు, టీవీ రిపేర్ దుకాణంలో కొద్ది రూపాయలకు దొరుకుతది, మీద 223, 473 అని ఉంటది. వందలు పెట్టి కొనే నారింజ రంగు కెపాసిటర్లు అదే విలువకు అదే పని చేస్తయి. వాల్యూమ్ తగ్గించినప్పుడు సౌండ్ మందగిస్తుంటే, వాల్యూమ్ కంట్రోల్ ఇన్‌పుట్ కాలుకు, నడిమి కాలుకు మధ్య 1000 పికోఫారడ్ కెపాసిటర్, 150 కె రెసిస్టర్ సమాంతరంగా కలపండి.

పెద్ద సైజు కంట్రోల్‌కు 9.5 మి.మీ. రంధ్రం కావాలె, చవక గిటార్‌లో ఉండేది 7, 8. పిక్‌గార్డ్ ప్లాస్టిక్‌కు డ్రిల్ పెడితే పగులుతది, కోసుగా ఉండే రీమర్‌ను చేత్తో తిప్పాలె. నాబ్ కూడా చూసుకోండి: పెద్ద కంట్రోల్ కొసకు 24 పళ్లు, చిన్నదానికి 18, ఒకదాని నాబ్ ఇంకోదానికి ఎక్కదు.

అతుకు విషయంలో ఎక్కువమంది తప్పేది కంట్రోల్ వీపు మీద. 25 వాట్ల ఐరన్‌తో ఆ ఇనుప డొక్కు వేడెక్కదు, పది పదిహేను సెకన్లు ఆనించి పట్టుకుంటే లోపలి ట్రాక్ కాలిపోతది, మీది సీసం మాత్రం నీటి బొట్టులాగ ఉబ్బి నిలబడతది. గోరుతో గీకితే ఊడొచ్చే ఆ బొట్టే తర్వాత గుయ్యిమనే గిటార్. 50 వాట్ల ఐరన్, వెడల్పు మొన తీసుకొని, ముందు వీపును ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా గీకి, 60/40 సీసం వైరుతో మూడు నాలుగు సెకన్లలో పని ముగించాలె. సీసం పరుచుకొని అంచు పలుచగా కనపడితే అది అతుకు. రేకు డబ్బాలకు వాడే ఆమ్లం పేస్టు మాత్రం తాకనివ్వొద్దు, కొన్నాళ్లకు వైరును తినేస్తది.

ఇక్కడ పికప్‌ల మీదికి పోయే ఒక నింద గురించి చెప్పాలె. చర్చిలో, ఫంక్షన్ హాల్లో గిటార్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు కలుపుతరు. ఆ ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10 కిలోఓంల దగ్గర ఉంటది, గిటార్ పికప్‌కు కావాల్సింది 1 మెగాఓం. దుప్పటి కప్పినట్టు వినపడేది అందుకే, పికప్ పాడై కాదు. హై-జెడ్ (ఎక్కువ నిరోధం) అని రాసున్న ఇన్‌పుట్, లేకుంటే డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేటట్టు మార్చే డబ్బా), అదీ లేకుంటే బఫర్ ఉన్న ఏదైనా పెడల్ నడుమ పెడితే చాలు. కేబుల్ పొడుగు కూడా లెక్కే. మామూలు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు. స్ట్రాట్ తరహా పికప్ 5 మీటర్ల కేబుల్‌తో 4,100 హెర్ట్జ్ దగ్గర మెరిస్తే, 10 మీటర్లతో ఆ మెరుపు 3,000 దగ్గరికి దిగుతది. పికప్‌లు మార్చాలనుకునే ముందు పొట్టి కేబుల్‌తో ఒకసారి వాయించి చూడండి.

గుయ్యిమనే చప్పుడు, ఎర్తింగ్

రెండు రకాల చప్పుళ్లు వేరువేరు. ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ నుంచి వచ్చే గీరుడు చప్పుడు షీల్డింగ్‌తో తగ్గుతది. సింగిల్ కాయిల్ పట్టుకునే 50 హెర్ట్జ్ హమ్ రాగి రేకుతో పోదు, అది అయస్కాంత క్షేత్రం. గిటార్‌ను తిప్పి ట్రాన్స్‌ఫార్మర్‌కు అడ్డంగా నిలబడితే తగ్గేది అదే. కొత్త సెట్‌లో నడిమి పికప్ ఉల్టా చుట్టు, ఉల్టా అయస్కాంతంతో వస్తే పికప్ స్విచ్ 2, 4 స్థానాల్లో హమ్ పోతది.

షీల్డింగ్‌కు అల్యూమినియం ఫాయిల్ వద్దు, సీసం పట్టదు. జిగురు కూడా కరెంటు పారించే రకం రాగి టేప్ తెచ్చుకొని, గుంత అంతా పరిచి, ముక్కలు కలిసే చోట ఒక్కో సీసం బొట్టు పెట్టి, మల్టీమీటర్ బీప్‌తో ఈ కొస నుంచి ఆ కొసకు చూసుకోండి. అంతా బిగించినంక గిటార్ మూగబోతే జాక్ కొన కాలో, స్విచ్ కాలో రాగికి తగిలిందన్నట్టు. ఆ రెండు చోట్లా ముందే ఇన్సులేషన్ టేప్ వేయాలె.

తీగలు ముట్టుకుంటే చప్పుడు తగ్గడం మామూలే, బ్రిడ్జ్‌కు పోయే ఎర్త్ వైరు పనిచేస్తున్నట్టు. ముట్టుకుంటే పెరిగితే ఆ వైరు తెగింది, లేకుంటే జాక్ దగ్గర రెండు వైర్లు ఉల్టా అయినయి. తీగలు పట్టుకొని మైకు పెదవికి తగిలితే జుమ్మంటే వెంటనే ఆపాలె. అది గిటార్ లోపం కాదు, బిల్డింగ్ ఎర్త్‌ది. సాకెట్‌లో ఫేజ్ నుంచి ఎర్త్‌కు 230 వోల్టుల దగ్గర, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు ఒకటి రెండు వోల్టులు చూపాలె. అట్ల లేకుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలె. హమ్ పోవాలని ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ పీకేయడం మన దగ్గర మస్తు కనపడతది. అది ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఇప్పుడు పికప్‌లు

పైవన్నీ అయినంక కూడా సౌండ్ నచ్చకుంటే పికప్‌లు మార్చండి. ముందు ఉన్నవి కొలవండి: స్ట్రాట్ రకం 5.5 నుంచి 6.5 కిలోఓంలు, పాత తరహా హంబకర్ 7.5 నుంచి 8.5. మేలో కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తది. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతది కాబట్టి 25 డిగ్రీల దగ్గర 6 కిలోఓంలు ఉన్నది 43 దగ్గర 6.4 చూపుతది. అనంతం చూపితే కాయిల్ తెగింది. చాలాసార్లు తెగేది లోపల కాదు, బయటి వైరు అతికే చోటే, ఓపిక ఉంటే మళ్లీ అతకొచ్చు.

సౌండ్ పెంచితే పికప్ ఈలవేస్తుంటే మార్చక్కర్లేదు, మైనం పట్టించొచ్చు. నాలుగు పాళ్లు పారఫిన్, ఒక పాలు తేనెమైనం. తేనెమైనం అచ్చంపేట, మన్ననూరు వైపు నల్లమల తేనె అమ్మేవాళ్లను అడిగి చూడండి. గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు, మైనం ఆవిరికి మంట అంటుకుంటది. నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి, థర్మామీటర్‌తో 60, 65 డిగ్రీలు దాటకుండ చూస్తూ, బుడగలు ఆగేదాకా పికప్‌ను ముంచాలె, పావుగంట ఇరవై నిమిషాలు పడతది. 70 దాటితే పాత ప్లాస్టిక్ బాబిన్ వంగుతది.

కొత్తవి కొంటే పోల్స్ (ఒక్కో తీగ కింది అయస్కాంతపు మొనలు) దూరం చూడాలె. బ్రిడ్జ్ దగ్గర తీగల దూరం 52.5 ఉంటే 52 మి.మీ. పికప్. హంబకర్ పెట్టేటట్టయితే పిక్‌గార్డ్ ఒక్కటే కాదు, కింద చెక్క గుంత కూడా సరిపోవాలె. నాలుగు వైర్ల రంగులు కంపెనీకొక తీరు. సేమూర్ డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ వైరు), ఎరుపు తెలుపు కలిపి టేప్ చుట్టాలె, ఆకుపచ్చ, బట్ట లేని వైరు ఎర్త్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలపాలె, ఆకుపచ్చ, బట్ట లేనిది ఎర్త్. ఒకదాని బొమ్మ చూసి ఇంకోదాన్ని అతికితే సౌండ్ రాదు, లేకుంటే సన్నగా ముక్కుతో పలికినట్టు వస్తది.

కొత్తదాన్ని పాతదాంతో కలిపి వాడుతుంటే ఆ ముక్కు సౌండ్ రెండూ కలిసినప్పుడు మాత్రమే రావొచ్చు, అంటే ఫేజ్ ఉల్టా. బిగించకముందే పరీక్షించొచ్చు: మల్టీమీటర్ 20 కె మీద ఒకే తీరుగా కలిపి, పోల్స్ మీదికి స్క్రూడ్రైవర్ టక్కున తాకిస్తే అంకె ఒక్క క్షణం పైకో కిందికో గెంతుతది. రెండు పికప్‌లూ ఒకే దిక్కు గెంతాలె. గెంతకుంటే ఒకదాని రెండు వైర్లు మార్చాలె. అయితే ఆ పికప్‌కు లోహపు మూతో, అడుగు ప్లేటో ఉండి ఎర్త్ వైరుకు కలిసుంటే, ముందు ఆ కలయికను తెంపి దానికి వేరే వైరు ఇచ్చి, అప్పుడే మార్చాలె. లేకుంటే మూత హాట్ అయి, చెయ్యి తగిలినప్పుడల్లా గుయ్యిమంటది.

ఎత్తు: ఆఖరి ఫ్రెట్ నొక్కి, పోల్ నుంచి తీగ అడుగుకు లావు దిక్కు 2.4, సన్న దిక్కు 2.0 మి.మీ.తో మొదలుపెట్టండి. దగ్గరైతే సౌండ్ పెరుగుతది కదా అని పైకి లేపితే, అల్నికో కడ్డీల అయస్కాంతం లావు తీగను గుంజి, 12వ ఫ్రెట్ మీద ఒకే స్వరం రెండుగా వణికినట్టు వినపడతది. అప్పుడు మళ్లీ శాడిళ్లతో కుస్తీ పట్టొద్దు, పికప్ స్క్రూను అర తిప్పు దించితే సరి.